సరిహద్దు దారిన చిన్న లారీ



బెంగళూరుకు ఆగ్నేయ దిక్కున హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అనే పేట ఉంది. ఒక పక్క హొసూరు రోడ్డు, ఇంకో పక్క సర్జాపుర రోడ్డు. ఆ రోడ్ల పేర్లలోని మొదటి అక్షరాలే ఈ పేటకు పేరయ్యాయి. తెల్లవారుజామున అగర చెరువు వైపు నుంచి నడిచి వస్తే రోడ్డు వారన చిన్న లారీలు వరసగా కనిపిస్తాయి. ఒకదాంట్లో టమోటా పెట్టెలు, ఒకదాంట్లో నీళ్ల క్యాన్లు. మరొకటి ఖాళీగా ఉంటుంది. అది ఇల్లు మారేవాళ్ల కోసం కాచుకుని ఉందన్నమాట. టీ కొట్టు దగ్గర ఆ డ్రైవర్లు కన్నడంలో బాడుగ మాట్లాడతారు, తమిళంలో ఫోను ఎత్తుతారు, తమలో తాము తెలుగులో నవ్వుకుంటారు. మీదేవూరని అడిగితే ముళబాగిలు, పలమనేరు, మదనపల్లె, హిందూపురం అని చెబుతారు. అంటే మనవాళ్లే.

నాదీ ముళబాగిలు వైపే. ఈ పేటలో పిల్లలకు చరిత్ర పాఠం చెబుతాను. రోజూ రాజుల కథలు చెప్పే నేను ఈపూట మీకు ఈ చిన్న లారీ కథ చెప్పదలచుకున్నాను. సరిహద్దు జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు ఉన్న బంగారం కుదువ పెట్టి, మిగిలినదానికి అప్పు తెచ్చి ఈ బండి కొంటున్నాయి. కొన్న తరవాత దానికి బాడీ కట్టించి, తమకు కావలసినట్టు మార్చుకుంటున్నాయి. ఆ మార్పు కొందరికి అన్నం పెట్టింది, కొందరిని అప్పులో ముంచింది. తేడా ఎక్కడ వచ్చిందో ఈ బండి చరిత్రే చెబుతుంది.

ముందొక చిత్రమైన సంగతి చెబుతాను. ఈ బండి పుట్టకముందే దానికి మార్పులు చేయడం పుట్టింది. అమెరికాలో రైతులు కారు కొని, వెనక భాగం తీసేసి, ఊళ్లో వడ్రంగి చేత చెక్క తొట్టి బిగించుకునేవారు. పాలు, ధాన్యం, గడ్డి అందులోనే మోసేవారు. జనం చేస్తున్నది చూసి ఫోర్డు కంపెనీ 1925లో తానే తొట్టి బిగించిన బండిని కార్ఖానా నుంచి అమ్మకానికి పెట్టింది. పికప్ అన్న మాటకు గిరాకీ పెరిగింది అప్పటినుంచే. ఊరి వడ్రంగి ముందు నడిచాడు, కంపెనీ ఆయన వెనక నడిచింది.

మన దగ్గరా అంతే. ఎద్దుల బండి ఏ కంపెనీ చేసింది? వడ్రంగి, కమ్మరి కలిసి ఆ ఊరి నేలకు, ఆ రైతు సరుకుకు తగినట్టు చేసేవారు. లారీలు వచ్చాక కూడా కంపెనీ ఇచ్చింది ఇంజను, చక్రాలు, చాసిస్ మాత్రమే. పైన బాడీ కట్టింది విజయవాడ ఆటోనగర్‌లోనో, తమిళనాడు నామక్కల్‌లోనో ఉన్న మన పనివాళ్లు. కనుక బండిని మన పనికి తగ్గట్టు మలుచుకోవడం మన చేతికి అలవాటైన విద్యే.

మరి చిన్న సరుకుకు చిన్న బండి ఎప్పుడొచ్చింది? 1958లో మొదలైన బజాజ్ టెంపో సంస్థ జర్మన్ నమూనాతో మూడు చక్రాల టెంపోలు చేసింది. ఆ తరవాత మెటాడోర్ వచ్చింది. నా చిన్నతనంలో మా ఊరికి సంత సరుకు తెచ్చింది, పెళ్లివారిని దించింది మెటాడోరే.

1980లలో జపాను సంస్థల తోడుతో నాలుగు చిన్న లారీల కార్ఖానాలు దేశంలో లేచాయి. టయోటాతో డిసిఎం, మాజ్దాతో స్వరాజ్, మిత్సుబిషితో ఐషర్ చేతులు కలిపాయి. నాలుగోది మన తెలుగు నేల మీదిదే. ఫ్రిజ్‌లు చేసే హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ బండ్లు చేసింది. జహీరాబాద్ అంటే కర్ణాటక సరిహద్దు, అవతల బీదరు. ఆ పక్క శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ నాలుగు బండ్లూ చూడ ముచ్చటైనవి, సాఫీగా నడిచేవి. కాని 1985 తరవాత జపాను యెన్ విలువ బాగా పెరిగింది. అక్కడినుంచి తెప్పించే విడిభాగాల ఖర్చు దానితోపాటు పెరిగింది. సరిగ్గా ఆ సమయంలో, 1986లో, టాటా వారు ఇక్కడి విడిభాగాలతోనే 407 అనే బండిని దించారు. అది నాజూకు బండి కాదు. అయితే గతుకుల దారికి ఓర్చింది, ఊరి మెకానిక్ చేతికి లొంగింది, విడిభాగం ఏ తాలూకా కేంద్రంలో అడిగినా దొరికింది. కార్ఖానాల మధ్య పోటీ అక్కడే తేలిపోయింది. 1989లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్ కార్ఖానా మాత్రం మూతపడలేదు. 2015లో వచ్చిన జీతో అనే చిన్న సరుకు బండి అక్కడిదే.

శ్రోతలారా, ఇక్కడొక పాఠం ఉంది. బండి మంచిదా కాదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఏ దారికి, ఏ సరుకుకు, ఎవరి చేతికి అని అడగాలి.

ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవాళ్లకు 2005లో ఫలితం దక్కింది. దేశంలో స్వర్ణ చతుర్భుజి రోడ్లు వేస్తున్న కాలమది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పక్కనుంచి పోయే హొసూరు రోడ్డు కూడా అందులోదే. పెద్ద రోడ్ల మీద పెద్ద లారీలు పెరిగాయి. పట్నం సందుల్లోకి అవి దూరలేవు, పగటిపూట రానివ్వరు కూడా. పట్నం అంచున దిగిన సరుకును గడపకు చేర్చేది ఎవరు? మూడు చక్రాల ఆటోకు అంత బలం లేదు. 407 ఆ పనికి పెద్దది. ఆ సందులోకి వచ్చింది టాటా ఏస్. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, ముక్కాలు టన్ను సరుకు. ఆ బండి తయారీకి గిరీశ్ వాఘ్ నాయకత్వం వహించారు. ఆ బృందం మూడు చక్రాల బండ్ల వాళ్లను కలిసి, మీకేం కావాలని అడిగిందట. ఒక యువకుడు, నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో పిల్లనివ్వడానికి ముందుకొస్తారని చెప్పాడని ఆ రోజుల కథ ఒకటి ప్రచారంలో ఉంది. ఉత్తరాదిలో దాన్ని ఛోటా హాథీ, అంటే చిన్న ఏనుగు అన్నారు. మనవాళ్లు టాటా ఏసీ అన్నారు. అందులో ఏసీ లేకపోయినా పేరు నిలిచిపోయింది. 2012 నాటికి అవి 10 లక్షలు అమ్ముడుపోయాయి.

ఆ తరవాత మిగతావాళ్లూ వచ్చారు. 2011లో అశోక్ లేలాండ్, నిస్సాన్ కలిసి దోస్త్ అనే బండిని తెచ్చాయి. టన్నుంపావు మోసే ఆ బండి తయారైంది హొసూరులో, అంటే హెచ్‌ఎస్‌ఆర్ పేరులో మొదటి అక్షరమైన ఊళ్లోనే. 2016లో ఇసుజు కార్ఖానా శ్రీసిటీలో తెరుచుకుంది. అప్పుడది చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. గీత దాటితే తమిళనాడు. జహీరాబాదు, హొసూరు, శ్రీసిటీ, ఈ మూడూ రాష్ట్రాల అంచున ఉన్న ఊళ్లే, మూడుచోట్లా తెలుగు వినిపిస్తుంది. ఈ చిన్న లారీ మన సరిహద్దుల బిడ్డ అంటే తప్పులేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మా బావమరిది 2013లో ఒక చిన్న బండి కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను, తప్పు బండిది కాదు. దానికి ఇనుప రేకుతో ఎత్తుగా బాడీ కట్టించాడు. వెనక కమాన్ పట్టీలు అదనంగా వేయించాడు. కాగితం మీద రాసిన బరువు దాటకురా అని నేను చెబితే, "బావా, నువ్వు పుస్తకం చూసి చెబుతావు, నేను రోడ్డు చూసి చెబుతాను" అన్నాడు.

కాగితం మీద ఆ బండి మోయవలసింది 750 కిలోలు. కోలారు మార్కెట్లో టమోటా పెట్టె 15 కిలోలది. అంటే 50 పెట్టెలు. మావాడు 80 పెట్టెలు ఎత్తాడు. అది 1200 కిలోలు. దానికి తోడు ఇనుప బాడీ బరువు. నంగలి దాటి, పలమనేరు దాటి, మొగిలి ఘాటు దిగుతుండగా బ్రేకులు వేడెక్కి పట్టు వదిలాయి. బండి గట్టుకు కొట్టుకుని పక్కకు ఒరిగింది. మావాడి ప్రాణం దక్కింది, కాలు విరిగింది. సరుకంతా రోడ్డు పాలైంది. పరిహారం కోసం వెళితే బరువెంత, బాడీ ఎప్పుడు మార్చారు, ఎవరి అనుమతి ఉందని అడిగారు. చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. వాయిదాలు మాత్రం ఆగలేదు. మా చెల్లెలి గాజులు ఆ సంవత్సరమే పోయాయి.

గట్టి పట్టీలు వేస్తే బండి ఎక్కువ మోస్తుందని చాలామంది నమ్మకం. పట్టీ వేస్తే వెనక భాగం కుంగదు, అంతే. బ్రేకు అదే, ఇరుసు అదే, టైరు అదే, చాసిస్ అదే. కుంగి హెచ్చరించే గుణం ఒక్కటే పోయింది. మన తాతలకు ఈ సంగతి తెలుసు. బండిలో వెనకవైపు బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందెక్కువైతే ఎద్దుల మెడ నలుగుతుంది. చూసి సర్దేవారు. పికప్‌లోనూ వెనక ఇరుసు దాటి బరువు పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. ఇక్కడ మెడ నలిగే ఎద్దు లేదు కనుక మనకు తెలియడం లేదు.

కనుక బండి కొనబోయే శ్రోతలకు నా మాట ఇది. ముందు మీ సరుకును తూకం వేయండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 50 అంటే, నీళ్లే 1000 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలది, 15 బస్తాలకే ముక్కాలు టన్ను నిండుతుంది. పరుపులు, బీరువాలు మోసేవారికి బరువు కన్నా తొట్టి పొడవు ముఖ్యం. పూలకు, టమోటాకు గాలి ఆడే కటకటాల బాడీ కావాలి. కొరియరు సరుకుకు తాళం పడే మూసిన పెట్టె కావాలి. అన్ని పనులకూ ఒకే బాడీ అనుకుంటే ఏ పనికీ కుదరదు.

తరవాత బాడీ కట్టించిన ఖాళీ బండిని వే బ్రిడ్జి మీద నిలబెట్టి తూకం చీటీ తీసుకోండి. ఆర్‌సి పుస్తకంలో మొత్తం బరువు ఎంతవరకు ఉండవచ్చో రాసి ఉంటుంది. అందులోంచి ఈ ఖాళీ బరువును, ఎక్కే మనుషుల బరువును తీసేయండి. మిగిలిందే మీరు ఎత్తగల సరుకు. బాడీలో పెరిగిన ప్రతి కిలో మీ బాడుగలోంచి తగ్గిన కిలో.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సిలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో అడగండి. బరువు మించితే 2019 సవరణ చట్టంలో రాసిన జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు మరో 2,000.

సరిహద్దువాళ్లకు మేలు చేసే మాటలూ ఆ చట్టంలో ఉన్నాయి. మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కరలేదు. చాలా పికప్‌లు ఆ అంకెకు కాస్త లోపలే ఆగడం మీరు గమనించే ఉంటారు. పన్ను, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ మాత్రం తప్పవు. అలాగే 7500 కిలోల లోపు రవాణా బండిని తేలిక వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అంతకుముందు లైసెన్సు పేరు చెప్పి పరిహారం దగ్గర పేచీలు నడిచేవి.

2022లో ఏస్ బండికి కరెంటు రూపం కూడా వచ్చింది. అది మోసేది 600 కిలోలు. పొగ లేదు, చప్పుడు లేదు. హెచ్‌ఎస్‌ఆర్ వంటి పేటలో తిరగడానికి బాగుంటుంది. మదనపల్లె నుంచి రోజూ రావాలంటే మళ్లీ మొదటి ప్రశ్నే వేసుకోవాలి. ఏ దారికి, ఏ సరుకుకు, ఎవరి చేతికి?

మా బావమరిది ఇప్పుడు మళ్లీ బండి నడుపుతున్నాడు. ఈసారి తేలికైన కటకటాల బాడీ కట్టించాడు, దాన్ని ఆర్‌సిలో ఎక్కించాడు. డ్రైవరు సీటు ఎదురుగా తూకం చీటీ అంటించి ఉంటుంది. కిందటి వారం అగర దగ్గర కనిపిస్తే పెట్టెలు లెక్కపెట్టాను. యాభై ఉన్నాయి. "ఏం బావా, ఇన్‌స్పెక్టరువా?" అని నవ్వాడు. కాలు ఇంకా కొంచెం ఈడుస్తూనే నడుస్తాడు.

మీ బండి మీద కూడా ఒక కుటుంబం కూర్చుని ఉంటుంది. ఆ బరువు ఏ తూకం చీటీలోనూ కనిపించదు. ఎత్తేముందు దాన్నీ లెక్కలో వేసుకోండి.