రెంబ్రాంట్ లైటింగ్

పోర్ట్రెయిట్ ఫొటోగ్రఫీలో ఒకే లైటుతో సాధించగల స్టూడియో వెలుగు పద్ధతి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) పేరు మీద వచ్చింది. ఆ పేరును వాడుకలోకి తెచ్చింది హాలీవుడ్ దర్శకుడు సిసిల్ బి. డిమిల్ అంటారు.

లైటును కెమెరాకు ఒక పక్కగా, సుమారు 45 డిగ్రీల కోణంలో, కూర్చున్న మనిషి కంటిమట్టం కన్నా ఎత్తులో, కిందికి వంచి పెడతారు. ముక్కు నీడ జారి చెంప మీది నీడతో కలవాలి. అప్పుడు నీడవైపు కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగులుతుంది. అది కన్ను కన్నా వెడల్పుగా, ముక్కు కన్నా పొడవుగా ఉండకూడదని లెక్క. నీడలు కలవకపోతే దాన్ని లూప్ లైటింగ్ అంటారు. నీడవైపు కంటిలో వెలుగు చుక్క పడకపోతే మాత్రం చూపులో జీవం పోతుంది. వెలుగును మెత్తబరచడానికి లైటుకు తొడిగే సాఫ్ట్‌బాక్స్‌ను దగ్గరికి జరిపేకొద్దీ నీడ అంచులు మెత్తబడతాయి. నీడ మరీ నల్లబడితే లైటుకు ఎదురుగా, నీడవైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే చాలు. కొత్తవారికి రెండో లైటు అక్కర్లేదు.