కాలిబాట ఎక్కిన చక్రం

ఇంగ్లండులో 1835లో ఒక రహదారుల చట్టం చేశారు. అందులోని 72వ సెక్షను ఇప్పటికీ సజీవంగా ఉంది. రోడ్డు పక్కన నడిచేవారి కోసం ప్రత్యేకించిన బాట మీద ఎవరూ స్వారీ చేయరాదనీ, గుర్రాన్నీ, గాడిదనూ, గొర్రెనూ, కంచరగాడిదనూ, పందినీ, పశువులనూ, ఏ రకపు బండినైనా సరే తోలరాదనీ ఆ సెక్షను శాసిస్తుంది. ఆ జాబితాలో సైకిలు లేదు. ఉండే వీలూ లేదు, పెడళ్ళున్న సైకిలు అప్పటికింకా వాడుకలోకి రాలేదు. అయినా ఇవాళ లండనులోనో లీడ్స్‌లోనో కాలిబాట మీద సైకిలు తొక్కినవాడు దోషి అయ్యేది ఈ సెక్షను కిందనే. గొర్రెల సరసన, పందుల సరసన సైకిలిస్టు కూడా వచ్చి నిలబడ్డాడన్నమాట.

సైకిలు కాలిబాట ఎందుకెక్కుతుంది? తొక్కేవాడికి క్రమశిక్షణ లేక, అన్నది ఒక సమాధానం. రోడ్డు అతణ్ణి అక్కడికి తరిమింది కనుక, అన్నది రెండోది. ఆ దేశపు సైకిలు చరిత్ర చదువుతున్నకొద్దీ నాకు రెండో సమాధానమే బలంగా కనిపిస్తూ వచ్చింది. చిత్రమేమిటంటే చట్టమూ, బడిపిల్లలకిచ్చిన శిక్షణా చాలా కాలం పాటు మొదటి సమాధానాన్నే నమ్ముకున్నాయి.

అసలీ తగవు పెడళ్ళ కంటే పాతది. 1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్ పట్టణంలో కార్ల్ ఫాన్ డ్రైస్ తన పరుగుయంత్రాన్ని తొలిసారి నడిపి చూపించాడు. రెండు చక్రాలు, మధ్యన ఒక దూలం, దాని మీద కూర్చుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడం, అంతే. ఏడాది రెండేళ్ళలో అది ఐరోపా నగరాలలో షోకైపోయింది. కానీ ఆనాటి రోడ్లు గుర్రబ్బండ్ల చక్రాలకు గాడులు పడి ఉండేవి. గాడిలో చక్రం పడితే నిలదొక్కుకోవడం అసాధ్యం. నున్నగా ఉన్నది కాలిబాట ఒక్కటే. దొరబాబులు అక్కడికే ఎక్కారు, నడిచేవాళ్ళు గగ్గోలు పెట్టారు. జర్మనీలోనూ, బ్రిటనులోనూ, అమెరికాలోనూ నగరాధికారులు నిషేధాలు విధించారు. మన కలకత్తా కూడా ఆ నిషేధాల జాబితాలో ఉంది! రోడ్డు బాగుచేయడం కంటే యంత్రాన్ని బహిష్కరించడం సులువు. ఆ బహిష్కారంతో కొన్ని దశాబ్దాల పాటు ద్విచక్రం కథే ఆగిపోయింది.

1870ల నాటికి పెద్ద ముందు చక్రంతో, పెడళ్ళతో అది తిరిగి వచ్చింది. ఈసారి న్యాయస్థానాల ముందు ఒక మౌలికమైన ప్రశ్న: ఇది బండా, కాదా? 1879లో టేలర్ వర్సెస్ గుడ్విన్ అనే కేసులో న్యాయమూర్తులు, బైసికిలు బండే, కాబట్టి ఒళ్ళు తెలియని వేగంతో తోలే బండివాడికి వర్తించే శిక్ష సైకిలిస్టుకూ వర్తిస్తుంది అన్నారు. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఆ మాటనే శాసనం చేసింది. బండి అనిపించుకోవడం సైకిలిస్టులకు శిక్షలా కనిపించినా నిజానికి వరం. రోడ్డు మీద ఎవరి దయతోనూ పని లేకుండా హక్కుగా నడిచే అర్హత దానితో వచ్చింది. బదులుగా రెండు బాధ్యతలు పడ్డాయి. సూర్యాస్తమయం తరువాత గంట మొదలు సూర్యోదయానికి గంట ముందు వరకూ దీపం ఉండాలి. బండినిగానీ, గుర్రాన్నిగానీ, మనిషినిగానీ దాటేముందు గంటో ఈలో మోగించి హెచ్చరించాలి. తప్పితే 40 షిల్లింగులకు మించని జరిమానా.

ఈ దీపమూ గంటా ఆంగ్లేయుల వెంట మన ఊళ్ళకూ వచ్చాయి. డైనమో లేని సైకిలు మీద చీకట్లో ఇంటికి పోతూ, కూడలిలో పోలీసును చూసి గబుక్కున దిగి నడిపించుకుపోయిన పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. చక్రంలో గాలి తీసేయడం అప్పటి అనధికారిక శిక్ష. పురపాలక సంఘానికి పన్ను కట్టి సైకిలుకు బిళ్ళ బిగించుకున్న రోజులవి.

తిరిగి ఇంగ్లండుకు వస్తాను. అక్కడి సైకిలిస్టులు తమ నడవడిక గురించి పట్టనివాళ్ళేమీ కారు. 1878లో హారోగేట్‌లో పుట్టి, తరువాత సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అని పేరు మార్చుకున్న సంఘం నిటారు దిగుళ్ళ దగ్గర ప్రమాద సూచికలను తన ఖర్చుతో నాటించింది. ప్రభుత్వం దారి గుర్తుల గురించి ఆలోచించక ముందటి మాట ఇది. బ్రేకులు అంతంతమాత్రంగా ఉన్న ఎత్తైన చక్రం మీద కొండ దిగడమంటే ప్రాణంతో చెలగాటమని వాళ్ళకే బాగా తెలుసు. ఈనాటి బ్రిటిషు రోడ్డు గుర్తులకు పూర్వీకుల్లో ఆ పలకలను చేర్చవలసిందే.

మోటారు కార్లు పెరిగాక తగవు స్వభావమే మారిపోయింది. 1934లో బ్రిటను రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. ఈనాటితో పోలిస్తే కార్లు ఎంతో తక్కువగా ఉన్న కాలమని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య భయంకరమైనది. ఆ రోజుల్లో జరిగిన వాదాలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది చాలా చిన్న వస్తువు గురించి, సైకిలు వెనుక ఎర్ర దీపం గురించి. పెట్టుకుంటే ఏం పోయింది అనిపిస్తుంది. కానీ క్లబ్బు దానిని ఏళ్ళ తరబడి ప్రతిఘటించింది. ముందున్నదాన్ని చూసుకుని, ఆగగలిగినంత వేగంతోనే పోవడం వెనుక వచ్చేవాడి ధర్మం. ఎర్ర దీపం తప్పనిసరి చేస్తే ఆ ధర్మం ముందున్నవాడి భుజాల మీదికి మారుతుంది. దీపం ఆరిపోయిన రాత్రి గుద్దితే తప్పు గుద్దినవాడిది కాక చచ్చినవాడిది అవుతుంది. ఇదీ వాదం. యుద్ధకాలపు బ్లాకౌటులో 1939లో దీపం తప్పనిసరి అయింది, 1945లో శాశ్వతమైంది. ఇప్పుడు వెనుక దీపం లేకుండా చీకట్లో పొమ్మని నేనెవరికీ చెప్పను. కానీ ఆ వాదంలో వాళ్ళు ముందే పసిగట్టిన జారుడు ఆ తరువాత నిజంగానే జరిగిందని అనుకుంటాను.

వాళ్ళ రెండో ప్రతిఘటన విషయంలో మాత్రం వాళ్ళతో ఏకీభవించలేను. 1934 డిసెంబరులో రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా (జీబ్రా దాట్ల దగ్గర కనిపించే పసుపు బుడ్డి దీపాలకు పేరిచ్చిన మనిషి) లండనుకు పడమర వెస్టర్న్ ఎవెన్యూ వెంట సైకిళ్ళకు ప్రత్యేకమైన దారిని ప్రారంభించాడు. రెండున్నర మైళ్ళ పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, రోడ్డుకు రెండు వైపులా. క్లబ్బు కార్యదర్శి జార్జ్ హెర్బర్ట్ స్టాన్సర్ దానిని గట్టిగా వ్యతిరేకించాడు. ఈవేళ వేరే దారి ఇస్తారు, రేపు అసలు దారి మీదికి రావద్దంటారు అన్నది భయం. భయం నిరాధారం కాదు. లార్డ్ ఆల్నెస్ అధ్యక్షతన ప్రభువుల సభ సంఘం 1939లో ఇచ్చిన నివేదిక చూస్తే, పదేళ్ళ పిల్లలను అసలు రోడ్డు మీద సైకిలు తొక్కనివ్వకూడదన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. హక్కును కాపాడుకోవాలన్న స్టాన్సర్ పట్టుదలలో నిజాయితీ ఉంది. కానీ ఆ హక్కును అనుభవించగలిగింది గంటకు ఇరవై మైళ్ళ వేగంతో తొక్కగల యువకులు. బడికి పోయే పిల్లకు, సంతకు పోయే ముసలమ్మకు ఆ హక్కు కాగితం మీదనే మిగిలింది.

దారి మారలేదు, కార్లు ఆగలేదు. మిగిలింది పిల్లవాణ్ణి మార్చడం. ప్రమాద నివారణ సంఘమైన రోస్పా 1947లో సైకిలు నైపుణ్య పరీక్ష మొదలుపెట్టింది. 1958లో ప్రభుత్వ సహాయంతో అది దేశవ్యాప్త పథకమైంది. ఇంగ్లండులో రెండు మూడు తరాల వాళ్ళకు అది బాల్య స్మృతి. బడి ఆవరణలో సుద్దగీతలు, వరుసగా అడ్డంకులు, వాటి మధ్య వంకరటింకరగా తొక్కడం, చేయి చాచి మలుపు సూచించడం, భుజం మీదుగా వెనక్కి చూడడం, చెప్పిన గీత దగ్గర ఆగడం. నెగ్గితే ఛాతీకి పెట్టుకునే బిళ్ళ. మంచి విద్యే. అడ్డతొక్కుడుతో మొదలుపెట్టి మోకాళ్ళు చీరుకుపోయేదాకా మనంతట మనం నేర్చుకున్నదాని కంటే ఎంతో మేలు. కానీ ఆ ఆవరణలో కారు లేదు, లారీ లేదు, అసహనంగా హారను కొట్టేవాడూ లేడు. నేర్పినదంతా పిల్ల చేయవలసినదే. గంటకు నలభై మైళ్ళతో పక్కనుంచి దూసుకుపోయేవాడి పాఠం ఆ పుస్తకంలో ఎక్కడుంది?

ఈ లోటు శిక్షకులకే కనిపించింది. 1976లో అమెరికాలో జాన్ ఫారెస్టర్ ‘ఎఫెక్టివ్ సైక్లింగ్’ రాశాడు. (హార్న్‌బ్లోవర్ నవలలు రాసిన సి. ఎస్. ఫారెస్టర్ కుమారుడు ఇతడు.) 1988లో ఇంగ్లండులో జాన్ ఫ్రాంక్లిన్ ‘సైకిల్‌క్రాఫ్ట్’ వచ్చింది. ఇద్దరి బోధా దాదాపు ఒకటే: అంచున నక్కితే సురక్షితమన్నది భ్రమ. దారి ఇరుకైన చోట, కూడలి దగ్గర, వరుస మధ్యకు వచ్చి తొక్కు. అప్పుడే వెనుకవాడు నిన్ను చూస్తాడు, దూరిపోవడానికి ప్రయత్నించడు. 2007లో వచ్చిన బైకబిలిటీ శిక్షణ ఈ సూత్రాన్ని తీసుకుంది. అందులో మూడు మెట్లు: మొదటిది ఆవరణలో, రెండోది రద్దీ లేని వీధుల్లో, మూడోది నిజమైన రద్దీలో. పిల్లలను సుద్దగీతల నుంచి రోడ్డు మీదికి తీసుకురావడం పెద్ద మార్పే. సూత్రం కూడా నిజమే. అయితే పదేళ్ళ పిల్లను లారీ ముందు వరుస మధ్యలో నిలబడమనడానికి ఎంత గుండె కావాలో తల్లిదండ్రులకు తెలుసు. అందుకే వాళ్ళు పిల్లను కాలిబాట ఎక్కిస్తారు.

హాలండులోనూ బడిపిల్లలకు రోడ్డు పరీక్ష ఉంది, 1930ల నుంచీ ఉంది. అయినా 1971లో అక్కడి రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. కూతురిని పోగొట్టుకున్న పాత్రికేయుడు విక్ లాంగెన్‌హాఫ్ 1972లో రాసిన వ్యాసానికి ‘పిల్లల హత్య ఆపండి’ అని అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. అదే ఉద్యమం పేరైంది. ఆ తల్లిదండ్రులు మా పిల్లలకు ఇంకా శిక్షణ ఇవ్వండి అనలేదు. వీధులను మార్చమన్నారు, రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. 1973 చమురు సంక్షోభమూ కలిసివచ్చింది. దారులు వేరయ్యాయి, ఇళ్ళ మధ్య వేగాలు తగ్గాయి. పరీక్షను మాత్రం వాళ్ళు ఎత్తివేయలేదు, పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఇప్పటికీ రాస్తున్నారు, తొక్కి చూపిస్తున్నారు. తేడా అల్లా, నేర్చుకున్నదాన్ని ఆచరించడానికి వాళ్ళకొక దారి ఉంది.

నడిచేవాడి పక్షం కూడా చెప్పాలి. చూపు లేనివారికి, చెవులు వినిపించని వృద్ధులకు, కాలిబాట మీద చప్పుడు లేకుండా వచ్చే సైకిలు నిజమైన భయం. అది కలిగించే భయం గాయాల లెక్కలో కనబడదు. 2016లో లండనులో ముందు బ్రేకు లేని సైకిలు ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక మహిళ మరణించింది. తొక్కినవాడి మీద 2017లో రుజువైనది 1861 నాటి చట్టంలోని ‘ఒళ్ళు తెలియని తోలకం’ నేరం, గుర్రబ్బండ్లను ఉద్దేశించినది. 18 నెలల శిక్ష పడింది. కొత్త నేరాలను నిర్వచించే ప్రతిపాదనలు 2024లోనూ, 2025లోనూ పార్లమెంటు ముందుకు వచ్చాయి. బ్రేకు తీసేసి తిరగడాన్ని రోడ్డు మీదికి నెట్టి సమర్థించలేము. అయితే కాలిబాట మీద ఉన్నవారిని కూడా ఎక్కువగా చంపుతున్నది మోటారు వాహనాలేనన్న సంగతి ఈ గొడవలో తరచు మరుగున పడిపోతుంది.

1999 ఆగస్టులో కాలిబాట మీద సైకిలు తొక్కితే పోలీసులు అక్కడికక్కడే జరిమానా విధించే పద్ధతి ఇంగ్లండులో వచ్చింది. దానితో పాటే హోం శాఖ మంత్రి పాల్ బోటెంగ్ ఒక లేఖ రాశాడు. ట్రాఫిక్ భయంతో కాలిబాట ఎక్కి, నడిచేవారి పట్ల మర్యాదగా మసలుకునేవారిని పట్టుకోవడం దీని ఉద్దేశం కాదనీ, ముఖ్యంగా పిల్లల విషయంలో పోలీసులు విచక్షణ చూపాలనీ దాని సారాంశం. అక్కడ నేర బాధ్యత వయసు పదేళ్ళు కనుక తొమ్మిదేళ్ళ పిల్లను ఎలాగూ శిక్షించలేరు. ఒక చేత్తో జరిమానా పుస్తకం, మరో చేత్తో ఆ లేఖ! కాలిబాట ఎక్కడానికి కారణం రోడ్డేనని ప్రభుత్వమే లిఖితపూర్వకంగా ఒప్పుకున్న సందర్భం ఇది. 2022 జనవరిలో సవరించిన హైవే కోడ్, ఎక్కువ హాని చేయగలవాడికి ఎక్కువ బాధ్యత అన్న వరుసను రాసింది. లారీవాడు పైన, సైకిలిస్టు నడిచేవాడి కంటే పైన. వెనుక దీపం మీద క్లబ్బు చేసిన వాదానికి దాయాదే ఈ సూత్రం.

ఇహ 1930ల నాటి ఆ ప్రత్యేక దారుల సంగతి. వెస్టర్న్ ఎవెన్యూతో ఆగలేదు, 1940 లోపు వందల మైళ్ళ మేర వేశారు. యుద్ధం తరువాత వాటిని అందరూ మరచిపోయారు. చరిత్రకారుడు కార్ల్టన్ రీడ్ 2017 ప్రాంతాల నుంచి పాత పటాలు ముందు పెట్టుకుని వాటిని ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుంటున్నాడు. కొన్ని గడ్డి కింద ఉన్నాయి. కొన్నింటి మీద కార్లు నిలుపుతున్నారు. కొన్నింటిని జనం ఏనాటి నుంచో కాలిబాటలనుకుని నడుస్తున్నారు.