పిడికెడు బియ్యం

తణుకు పేరు చెప్పగానే సాహిత్యం తెలిసినవాళ్ళకి నన్నయ గుర్తొస్తాడు. కాస్త ఆధునికులైతే తిలక్. వ్యాపారస్తులకి ఆంధ్రా షుగర్స్. నాకు మాత్రం ఉట్టి మీద వేలాడే ఒక మట్టి ముంత గుర్తొస్తుంది. నవ్వకండి, ఆ ముంతకీ ఒక చరిత్ర ఉంది.

1960ల మొదటి రోజుల మాట. మాది తణుకుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఊరు. నాకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. ఓ పూట మా పాలేరు పనిలోకి రాలేదని మా బామ్మ నన్ను పేటకి తరిమింది. “వాకిట్లో నించుని కేకెయ్యి, లోపలికి మాత్రం వెళ్ళకు” అని మరీ మరీ చెప్పింది. నేను వెళ్ళేసరికి పాలేరు భార్య పొయ్యి దగ్గర ఉంది. సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకుని చెరిగింది. ఎసట్లో పోయబోతూ ఆగి, ఒక పిడికెడు తీసి ఉట్టి మీద ముంతలో వేసింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. ఆ తర్వాతే తక్కినవి ఎసట్లో పడ్డాయి.

“అదెందుకు?” అన్నాను వాకిట్లోంచే.

“గుళ్ళోకండి బాబుగారూ. మా స్త్రీల సమాజంలో అందరం తీస్తావండి. లేనోళ్ళకెళ్తాయండి.”

ఈవిడ కంటే లేనివాళ్ళెవరా అని నాకు ఆశ్చర్యం వేసింది. ఆ గుడిసెలో నా కంటికి ఆనినవి రెండు కుండలు, ఒక చాప, తడికకి వేలాడే ఒక కేలండరు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే బామ్మ పకపకా నవ్వింది. “బియ్యం కోసం కిరస్తానంలో కలిసినవాళ్ళు బియ్యం ఇవ్వడమేమిట్రా, చోద్యం కాకపోతే!”

పాపం, ఆ మాట మా బామ్మ కనిపెట్టింది కాదు. చైనా నుంచి మన దేశం దాకా మిషనరీలు తిరిగిన చోటల్లా ఇంగ్లీషువాళ్ళే ‘రైస్ క్రిస్టియన్లు’ అని ఎత్తిపొడిచేవారు. ఆ పొడుపు మిషనరీలకీ గట్టిగానే తగిలేది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషన్ దొర క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి ముంత చూపించి మతంలో కలిపాడన్న మాట పడకూడదని, కరువు పని సాగినంత కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ఆగాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మంది మునిగారు. కూలి డబ్బులు ఆగిపోయాక వచ్చిన మనుషులు మరి! వాళ్ళు దేనికోసం వచ్చారో మా బామ్మ ఎప్పుడూ ఆలోచించలేదు. ఊళ్ళో మనిషిని మనిషిగా చూసే చోటు ఇంకోటి ఉంటే కదా అక్కడికి వెళ్ళకుండా ఉండడానికి!

మా తణుకు వైపు లూథరన్‌లు రాజమండ్రి మీదుగా వచ్చారు. వాళ్ళకి ఆద్యుడు ఫాదర్ హయ్యర్. పుట్టింది జర్మనీలో, వచ్చింది అమెరికా నుంచి. నందన కరువులో గుంటూరు సీమ సగం వల్లకాడై పదేళ్ళు కాలేదు, 1842 జూలై 31న గుంటూరులో దిగాడు. అక్కడి కలెక్టరు స్టోక్స్ దన్నుతో బడులు పెట్టాడు. మధ్యలో స్వదేశం వెళ్ళినప్పుడు వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చాడు. రాజమండ్రిలో పని మొదలెట్టింది ఆయన కాదు, ఉత్తర జర్మనీ మిషన్ వాళ్ళు, 1845లో. వాళ్ళకి డబ్బు చాలక కొన్నేళ్ళకే అమెరికా లూథరన్‌లకి అప్పగించారు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడా చేతులు ఖాళీ. 1869లో, ఇక రాజమండ్రిని ఇంగ్లీషు చర్చి మిషన్‌కి ఇచ్చేద్దామని పెన్సిల్వేనియాలో సభ కూడింది. డెబ్బై అయిదేళ్ళ హయ్యర్ లేచి, వదులుకోవద్దు, నేను వెళ్తానన్నాడు. ఆ ఏడాది ముగిసేలోగా గోదావరి గట్టున ఉన్నాడు. మన ఇళ్ళల్లో ఆ వయసువాళ్ళని కాశీ పంపడానికే భయపడతాం.

ఇదే కాలంలో ఇటు డెల్టా రూపు మారిపోతోంది. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలొచ్చాయి, రెండు పంటలొచ్చాయి, పుట్టి లెక్కన ధాన్యం వచ్చింది. పంట పండేది పేటవాళ్ళ చేతుల మీద, గాదె నిండేది మా ఇళ్ళల్లో. అన్నపూర్ణ అని మనం మురిసిపోయే ఈ నేల మీద కూలివాళ్ళకి ఆషాఢ శ్రావణాల్లో పొయ్యిలో పిల్లి లేచేది కాదు. అలాంటి వాళ్ళే మొదట గుళ్ళో చేరారు.

మిషన్ దాతృత్వం అనగానే జనానికి ఆస్పత్రులు గుర్తొస్తాయి. నిజమే. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో 1897కి ఆడవాళ్ళ ఆస్పత్రి నిలబెట్టింది. ఇక్కడ రాజమండ్రిలో డాక్టర్ లిడియా వర్నర్ 1899లో వచ్చి, 1911కి స్త్రీలకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిపించింది. పురుడు పోసుకోవడానికి అక్కడికి వెళ్ళినవాళ్ళలో ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళూ ఉన్నారు, గుళ్ళోవాళ్ళూ ఉన్నారు. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది. వాటి వెనక సముద్రం అవతలి చందాలు ఉన్నాయి. నేను చెప్పబోయేది సముద్రం దాటి రాని దాతృత్వం గురించి.

ముంత పద్ధతి ఇదీ. వండిన ప్రతిసారీ పిడికెడు. ఇల్లాలు తను తినబోయే దాంట్లోంచే తియ్యాలి, మిగిలిన దాంట్లోంచి కాదు. ఆదివారం ముంత గుళ్ళోకి వెళ్తుంది. అక్కడ పెద్ద గంపలో అందరివీ కలిపేస్తారు. అక్కుళ్ళు, దంపుడు బియ్యం, నూకలు, ఎర్రవీ తెల్లవీ అన్నీ ఒకటే రాశి. ఎవరు ఎన్ని తెచ్చారో పేరు ఉండదు. కొంత అమ్మి గుడి ఖర్చులకి వాడతారు, కొంత ముసలీ ముతకకీ మంచాన పడ్డవాళ్ళకీ వెళ్తుంది. కోతలయ్యాక కోత పండుగ వేరే. అప్పుడు గుమ్మడికాయ, కోడిపుంజు, కొబ్బరికాయ, ఏది పండితే అది తెచ్చి గుళ్ళోనే వేలం పాడతారు. పావలా కాయకి రెండు రూపాయలు పాడి, మళ్ళీ ఆ కాయే గుడికిచ్చి ఇంకో వేలం పాడించే సరదా నేను గోడ అవతల నించుని చూశాను.

లూథర్ ఇలాంటిదే ఒకటి తన దేశంలో పెట్టించాడు. 1523లో లైస్నిగ్ అనే చిన్న ఊళ్ళో బీదల కోసం ఊరుమ్మడి పెట్టె ఏర్పరిస్తే, దాని నియమాలకి ఆయన ముందుమాట రాశాడు. ఆ పెట్టెకి నాలుగు తాళాలు. దొరలకొకటి, ఊరి పాలకులకొకటి, పట్నవాసులకొకటి, రైతులకొకటి. నలుగురూ కలిస్తేగాని తెరుచుకోదు. తెలివైన ఏర్పాటే. మా పేటలో ముంతకి మూతే లేదు.

1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది. తన కాళ్ళ మీద తాను నిలబడాలన్నది సంకల్పం. ఆ కాళ్ళకి బలమేమిటో కాగితాల మీద నిర్మాణం రాసినవాళ్ళ కంటే ఆ ముంతలకే బాగా తెలుసని నా అనుమానం.

ఇక మా బామ్మ సంగతి. మా వీధి చివర ఒక వితంతువు ఉండేది. అయినింటి మనిషి, మాకు దూరపు చుట్టమే. కొడుకు పట్నం వెళ్ళి పట్టించుకోవడం మానేశాడు. ఆవిడది మహా అభిమానం, ఎవర్నీ అడగదు. మేమూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాం. ఒక శ్రావణమాసం ముసురులో తెల్లవారుజామున ఆవిడ అరుగు మీద గుడ్డమూట ఉండడం మా బామ్మ చూసింది. వారం తిరిగాక మళ్ళీ ఒకటి. మూడోసారి కాపు కాసింది. మా పాలేరు భార్య వచ్చి, మూట పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయింది. వండింది పెడితే ఆవిడ ముట్టదని తెలుసు కాబట్టి బియ్యమే తెచ్చేది. ఆవిడ తీసుకునేది కూడా. ఎవరు పెడుతున్నారో ఆవిడకి తెలుసో తెలియదో మాకెవరికీ చెప్పలేదు.

బామ్మ ఆ రోజు మూట విప్పి చూసిందట. అక్కుళ్ళు, నూకలు, ఎర్రబియ్యం, తెల్లబియ్యం. మళ్ళీ కట్టి అక్కడే పెట్టేసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు తన చేత్తో చాటెడు బియ్యం, కంది పప్పు ఆ ఇంటికి పట్టుకెళ్ళింది. బియ్యం కోసం కలిసినవాళ్ళన్న మాట ఆవిడ నోట మళ్ళీ వినలేదు. గొప్ప మార్పేమీ రాలేదు లెండి. నన్ను పేటకి పంపినప్పుడు వాకిట్లోనే నించోమని చెప్పడం మానలేదు. కాకపోతే కూలి ధాన్యం కొలిచేటప్పుడు కుంచం మీద చెయ్యి వేసి చదును చేసే అలవాటు పోయింది. పైకి పోగు పడ్డది పడ్డట్టే పోసేది. మా తాతయ్య గొణిగితే, “కొన్ని గింజలే కదండీ” అనేది.