బంచరాయి: ఉత్తర తెలంగాణపు పచ్చికబీళ్ళ కథ

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పాత రెవిన్యూ లెక్కలను తిరగవేసినచో ‘బంచరాయి’ అను మాట మనకు తఱచుగా ఎదురగును. ఊరి పశువుల మేతకై విడిచిన భూమి అది. దానికి పట్టా లేదు, అందులో నాగలి పడదు; అది ఊరందరిదీ, ఏ ఒక్కరిదీ కాదు. అందుచేతనే కాబోలు, అన్నిటికంటె ముందుగా హరించుకొని పోయినది. కొంత పేదలకు సాగుభూమిగా పంచబడెను. కొంత ఆక్రమణల పాలయ్యెను. పేదలకు భూమి దక్కినందుకు మనము విచారింపనక్కఱలేదు. కాని ఆ బీటిలో మందలను తోలిన గొల్ల, కురుమ కుటుంబములు ఇక ఎక్కడికి పోవలెనో ఎవరును ఆలోచించినట్లు కానరాదు.

గోదావరికి ఉత్తరమున కథ వేఱు. అక్కడి మేత చాలవఱకు అడవిలోనిది. నైజాము ప్రభుత్వము అడవులను రిజర్వు చేయుచు పోయిన కాలమున హద్దులు పలుచోట్ల గోండు గూడెముల అంచుదాక వచ్చినవి. పశువులను మేపినందుకు, కట్టెలు కొట్టినందుకు ‘బంబ్రాం’, ‘దూపపెట్టి’ అను పన్నులు పడినవి. 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీము ప్రాణములర్పించిన పోరాటము భూమికొఱకే కాదు, మేతకొఱకు కూడ. ‘జల్, జంగల్, జమీన్’ అను నినాదములోని నడిమి మాటను మనము కలపకు మాత్రమే అన్వయించుకొందుము. గోండునకు అది ఎద్దు కడుపు నిండెడి చోటు.

ఆ పిమ్మట ఈ ప్రాంతమునకు వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ కృషి ఫలితముగా గిరిజనులకు పట్టాలు లభించినవి. 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరములు. గొప్ప పనియే. అయితే ఇచ్చినది దున్నుకొను భూమి. మేత హక్కు, సంచార పశుపాలకుల హక్కుతో సహా, చట్టములో స్పష్టముగా చేరుటకు 2006 నాటి అటవీ హక్కుల చట్టము రావలసివచ్చెను.

ఇక డబ్బు మాట. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల రక్షిత ప్రాంతమైనది. పులి గడ్డి మేయదు గాని, గడ్డి మేసెడి దుప్పి, కణుజు, మనుబోతు లేనిచోట పులి నిలువదు. అందుకే అటవీశాఖ అక్కడ కంపను తొలగించి గడ్డినేలలు పెంచ పూనుకొన్నది. ఇది మొక్క నాటి ఫొటో దిగినంత తేలిక కాదు. లాంటానాను గింజ రాలకమునుపే వేళ్ళతో పెకలింపవలెను. మఱుసటి వానకు మొలచినదానిని మరల తీయవలెను. మంచి గడ్డి పండి విత్తనము రాలువఱకు పశువును ఆపవలెను. ఏటేట కూలి చెల్లింపవలెను. 2016 చట్టముననుసరించి 2019లో తెలంగాణకు ముట్టిన నష్టపరిహార వనీకరణ నిధి 3,110 కోట్ల రూపాయలు. పేరులోనే వనీకరణమున్నది, బీడు కనబడినచోట మొక్క నాటబుద్ధి పుట్టుట సహజము.

ఇటు 2017లో ప్రభుత్వము గొల్ల, కురుమలకు 1,25,000 రూపాయల విలువ గల మందలను 75 శాతము రాయితీపై పంచెను. మందకు ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు. గొఱ్ఱెకు కట్టిన లెక్క అది మేసెడి బీటికి కూడ కట్టియుండవలసినదని మా అభిప్రాయము. అమెరికాలో 2002 నాటి వ్యవసాయ చట్టము, బీడును దున్నక మేపుకొను రైతునకు సొమ్ము చెల్లించు పద్ధతిని తెచ్చినది. గడ్డి ఎదుగు నాలుగు నెలలు మందను వేఱుచోట నిలిపిన కాపరికి మనమును అట్లే చెల్లింపరాదా?

2025 మే నెలలో కవ్వాల్‌ను మహారాష్ట్రలోని తాడోబాతో కలుపుటకై కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు ప్రకటింపబడెను. అడవిపై తమ హక్కులు పోవునని గిరిజనులు ఆందోళన చేసిరి. జూలైలో ప్రభుత్వము ఆ ఉత్తర్వును నిలిపివేసినది.