నారేపి నార, తాడు ఒరిపిడి

ఇందూరు జిల్లా చరిత్ర అనగానే 1931లో పూర్తయిన నిజాంసాగర్, 1937లో బోధన్‌లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ, దాని పక్కన వెలసిన శక్కర్‌నగర్ గుర్తొస్తాయి. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడిన సంగతీ అందరికీ తెలుసు. తాడు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. బండి మీద చెరుకు బిగించాలన్నా, ఎద్దును గుంజకు కట్టాలన్నా, బావిలో చేద వేయాలన్నా తాడే కావాలి. నైలాన్ రాకముందు అది జనుము నుంచో, చెట్ల నార నుంచో రావాలి.

ఏ చెట్టు నార ఎంత గట్టిదో అడవి పక్కన బతికిన మన గోండులకు, నాయకపోళ్లకు, లంబాడాలకు తెలుసు. నారేపి పేరులోనే నార ఉంది. దాని లేత కొమ్మల బెరడు ఒలిచి తాళ్లు పేనేవారు. ఆరె చెట్టుకూ బెరడు నారే, మోదుగకు మాత్రం వేరు నార. ఇక్కడ గమనించాల్సింది లేత కొమ్మలు అన్న మాట. కొమ్మ పోతే మళ్లీ చిగురిస్తుంది. మొదలు చుట్టూ ఒలిస్తే చెట్టే పోతుంది. ఆకులు వండిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. మనం నార అని తీసేదీ ఆ పొరనే.

1967 అటవీ చట్టం 20వ సెక్షన్ రిజర్వు అడవిలో బెరడు ఒలవడాన్ని, కలప ఈడ్చేటప్పుడు అజాగ్రత్తతో చేసే నష్టాన్ని రెండింటినీ నేరాల కిందే రాసింది. కొమ్మ నార తీసుకున్న చేతిని, దుంగ ఈడ్చి పది చెట్లు గీకిన చేతిని ఒకే వరుసలో నిలబెట్టడం మాకు సమ్మతం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కలప కాని ఉత్పత్తులపై మన హక్కును ఒప్పుకున్నది, అడవిని కాపాడే బాధ్యతనూ మన గ్రామసభకే ఇచ్చింది.

ఇప్పుడు బెరడుకు ముప్పు పట్నంలోనూ ఉంది. నిజామాబాద్‌లో ఇంటి మీదికి వంగిన కొమ్మను దింపాలంటే పై పంగ మీదుగా తాడు వేసి వదులుతారు. ఈ కూలికి మన యువకులూ పోతారు. బరువుతో తాడు జారుతుంటే ఒరిపిడికి వేడి పుట్టి బెరడు చిట్లుతుంది, కింది పచ్చి పొర నలుగుతుంది. వానకాలంలో చెట్టు పాలు మీద ఉన్నప్పుడు బెరడు ఇంకా తేలిగ్గా ఊడుతుంది. నార తీసేవాళ్లు అదను చూసేదీ అందుకే. ఆ ఒరిపిడి తాడునూ తింటుంది. కింద నిలబడ్డవాడి ప్రాణం ఆ తాడు మీదే ఉంటుంది.

గిరక లేని బావిలో తాడు రాతికే గాడి పెడుతుంది, బెరడెంత? కాబట్టి చెట్టుకు వెడల్పు పటకా చుట్టి, దానికి గిరక తగిలించి, తాడును గిరకలోంచే నడపాలి. మనిషి ఎక్కే తాడుకైతే రెండు కడియాలున్న పటకా చాలు, తాడు ఇనుము మీద జారుతుంది. కదలకుండా బిగించి కట్టే తాడు కింద పాత చక్కెర గోనె సంచిని నాలుగు మడతలు పెట్టవచ్చు. జారే తాడు కింద గోనె నిలవదు, రెండో లాగుకే పక్కకు పోతుంది.