కృష్ణపై తొలి ఆనకట్ట - పలనాటి మెట్ట



దాచేపల్లి వాసులకు కృష్ణ దూరపు నది కాదు. నాగులేరు మన చెంతనే ప్రవహించి అందులో కలియుచున్నది. తంగెడ కోటయు, పొందుగల రేవును కృష్ణ యొడ్డుననే యున్నవి. అట్లయ్యును మన తాతలు వానకై ఆకాశమును చూచిరే గాని యేటివంక చూడలేదు. యేరు లోయలో, చేను మెట్టపై. ఈ ఎత్తుపల్లములే పలనాటి చరిత్రలో సగము. మన సంఘమునందు నేడు ఇంజనీరు విద్య నభ్యసించు బాలురును బాలికలును పెక్కండ్రు గలరు గాన, ఆ నదికి తొలుత కట్టవేసిన సైనికోద్యోగుల వృత్తాంతము వారికై వ్రాయుచున్నాను.

ఆ కాలమున ఇంజనీరనగా సిపాయి దొరయే. గిండీలోని సర్వే పాఠశాల 1794లో నేర్పడినను, అది సివిల్ ఇంజనీరింగు కళాశాలగా మారినది 1859లో మాత్రమే. అంతకు పూర్వము చెఱువుల మరామతు మొదలు రాజమార్గముల వఱకు సమస్తమును మద్రాసు ఇంజనీర్లను దళములోని యువకులే చూచుచుండిరి. నేడు దండు వెంట నడచి వంతెన వేసినవాడే ఱేపు కాలువ త్రవ్వించును.

ఆర్థర్ కాటన్ అట్టివాడే. 1803లో జన్మించి, ఆడిస్కోంబు సైనిక పాఠశాలలో చదివి, 1819లో పదునాఱేండ్ల ప్రాయమున ఉద్యోగము పొంది, 1821లో మద్రాసు చేరెను. 1824 మొదలు 1826 వఱకు జరిగిన మొదటి బర్మా యుద్ధమున పనిచేసెను. అతని పేరు నిలిపినది మాత్రము యుద్ధము కాదు, కావేరి. కొల్లడముపై ఎగువ ఆనకట్టను 1836లో ముగించెను. అంతకు ముందతడు కరికాలచోళునిదని చెప్పబడు కల్లణను శ్రద్ధతో పరిశీలించెను. అడుగు కానరాని ఇసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశపు ప్రాచీనుల వద్దనే నేర్చుకొంటిమని అతడే వ్రాసియున్నాడు. దొరలలో ఇట్టి ఒప్పుకోలు అరుదు. అందులకే నేనతనిని మెచ్చుకొందును.

ఇక మన మండలము మాట. 1832-33 నందన సంవత్సరపు కరవు గుంటూరు సీమను ఖాళీచేసినది. మండల జనములో రమారమి మూడవ వంతు నశించిరని అంచనా. మిగిలినవారిలో ఎందరో ఊళ్లు విడిచి మద్రాసు త్రోవ పట్టిరి. ఆ యేటను కృష్ణలో నీరు లేకపోలేదు. అది సముద్రమున కలిసినది, అంతే. కుంపిణీకి జనులు పోయినందుకంటె శిస్తు పోయినందులకే చింత హెచ్చని చెప్పినచో అసత్యము కాదు. ఏ చింతయైన నేమి, పని కదలినది.

కాటన్ 1847లో ధవళేశ్వరమున గోదావరి కట్ట కారంభించి 1852లో ముగించెను. నడుమ 1848లో వ్యాధిగ్రస్తుడై ఆస్ట్రేలియాకు పోగా, ఆ భారము వహించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. ఇతని పేరు మనవారిలో నూటికొకరైన నెఱుగరు. కాని గుంటూరు జిల్లా ఋణపడినది ముఖ్యముగా ఇతనికే. కృష్ణకు కట్టవేయు ఆలోచన 1798 నాటినుండియు నున్నను, దానిని 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేసినవాడు ఓర్. స్థలము విజయవాడ: ఇవతల సీతానగరపు కొండ, అవతల ఇంద్రకీలాద్రి. ఆ కొండల రాతిని పగులగొట్టి నదిలో గుట్టలుగా పోయించి, ఇసుకపైననే కట్టను నిలిపెను. రెండు ప్రక్కల తూములుంచి నీటిని మళ్లించెను. పడమటి కాలువ వెంట తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు మాగాణి యైనవి. కరవున వలసపోయిన సీమలోనికే ఇతరులు కూలికి వచ్చిరి.

అయితే పలనాటి మాట? విజయవాడ కట్ట నీటిని కొన్ని అడుగులే యెత్తును. అదియును మనకు దిగువన. నీరు పల్లమెఱుగును గాని మెట్ట యెఱుగదు. అందుచేత ఒకే జిల్లాలో డెల్టా రైతు మూడు ముక్కలు వరి తినుచుండగా, పలనాటి రైతు జొన్నకును, నల్లరేగడి ప్రత్తికిని, మిరపకును వానదేవునే నమ్ముకొనవలసి వచ్చెను. సంబంధములు చూచునప్పుడు సయితము డెల్టావారు మన వంక ఓరగ చూచినది ఈ నీటి కారణముననే గదా!

ఓర్ కట్టిన కట్ట 1952లో తెగినది. దాని స్థానమున ప్రకాశము బ్యారేజి 1957లో సిద్ధమైనది. మెట్టకు వలసినది వేఱు: లోయను నింపి నీటినే పైకి తెచ్చు డ్యాము. కృష్ణ కావలి యొడ్డునున్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు నందికొండ స్థలమునకై సొంత సొమ్ము వెచ్చించి తిరుగుచు, 1952లో వచ్చిన ఖోస్లా సంఘమునకు ఆ చోటు చూపుటలో ముఖ్యులైరి. ధనవంతులు ధనమును వినియోగింపదగిన తీరునకు మన పోషకులు ఈ నిదర్శనమును చూడవచ్చును. నెహ్రూగారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిరి. పూర్ణమట్టము సముద్రముపై 590 అడుగులు. ఇంచుమించు నూటయిరువది నాలుగు మీటర్ల రాతికట్టడము. కాటన్, ఓర్ల నాటి పనికి సైనిక ఇంజనీర్లు నాయకులు కాగా, దీనికి మన దేశపు సివిలు ఇంజనీర్లే నాయకులు; రాళ్లు మోసినది మాత్రము అప్పుడును ఇప్పుడును మన కూలిజనమే.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ 203 కిలోమీటర్లు సాగి గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్టను తడిపెను. కాలువ చివరి రైతునకు తడి అందు వఱకు నిద్రలేదన్నమాట నిజమే, అది వేఱు కథ. దిగువన పులిచింతల డ్యామునకు 2013లో ప్రారంభోత్సవము జరిగినది. దానికి పెట్టిన పేరు కంకిపాడులో పుట్టిన ఇంజనీరు డాక్టరు కె.ఎల్. రావుగారిది. ఆ జలాశయము క్రింద ఇరుగట్టుల ఊళ్లు మునిగినవి. కరవున ఊరు విడిచిన తాతలకు మనుమలు కొందఱు ఈసారి నీటి కారణముననే ఊరు విడిచిరి.