పుష్పఘ్ని నుండి నీటిబుడగల దాకా

ఈ టపాలోని విషయం కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చును. ముప్పయ్యేళ్ళకు పైగా ఆడపిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. కడుపునొప్పితో బల్లమీద తల వాల్చుకొన్న పిల్లలను ఎందరినో చూచినదాన్ని. ఇక సిగ్గుపడే వయసు దాటింది గనుక వ్రాస్తున్నాను. ఇంగ్లీషు పొడి అక్షరాలలో పీసీఓఎస్ అనీ, మన ఇళ్ళలో "నీటిబుడగలు" అనీ పిలిచే జబ్బు చరిత్ర ఇది. దీనిని పిల్లలు పుట్టే వయసు జబ్బుగానే అందరూ చెప్పుకొంటారు. ముట్లుడిగిన తరువాత దీని కథ ఏమవుతుందన్నది నా ప్రశ్న.

మన ప్రాచీన వైద్యులు బహిష్టును పుష్పమన్నారు. రజస్వలకు పుష్పవతి అనే పేరు అందుకే వచ్చింది. కాశ్యపసంహితలో రేవతీకల్పమనే అధ్యాయమొకటి ఉన్నది. సంతానాన్ని హరించే జాతహారిణులను అందులో వరుసగా వర్ణిస్తూ "పుష్పఘ్ని"ని చెప్పారు. పువ్వును చంపేది అని అర్థం. ఆ లక్షణం గల స్త్రీకి వేళకు పుష్పదర్శనమవుతుంది గాని అది వ్యర్థం. చెక్కిళ్ళు బలిసి, వాటిపై రోమాలుంటాయి. నేటి ఆయుర్వేద వైద్యులు కొందరు ఇదే పీసీఓఎస్ అంటారు. నేనంత ఘంటాపథంగా చెప్పలేను. పీసీఓఎస్‌లో నెల తప్పడమే ఎక్కువ గదా! అయితే చెక్కిలి మీది రోమానికీ కడుపు పండకపోవడానికీ సంబంధమున్నదని ఆనాడే ఎవరో గమనించారు. ఆ చూపుకు మాత్రం నమస్కరించవలసిందే.

ఆధునిక వైద్యంలో ఈ కథ రెండు ఊళ్ళలో, ఒకదాని సంగతి మరొకదానికి పట్టకుండా మొదలైంది. 1921లో పారిస్ వైద్యులు అషార్, తియేర్ "గడ్డపు స్త్రీల మధుమేహం" అని ఒకదానిని వర్ణించారు. ముట్లుడిగిన స్త్రీలలో గడ్డమూ షుగరూ కలిసి రావడం దాని లక్షణం. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్ ఏడుగురు యువతుల గురించి వ్రాశారు. వారికి నెలలు సరిగా రావు. అండాశయాలు పెద్దవై చిన్న చిన్న తిత్తులతో నిండి ఉన్నవి. అండాశయాలను కొంత మేర కోసి తీసివేయగా ఏడుగురికీ నెలసరి తిరిగి వచ్చింది, ఇద్దరు గర్భవతులయ్యారు. అందరి కళ్ళూ ఆ ఇద్దరి మీద పడ్డాయి. పడుచువారి జబ్బు సంతానం పద్దులో చేరింది, పెద్దవారిది మధుమేహం పద్దులోనే ఉండిపోయింది.

ఈ రెండు పద్దులూ కలవడానికి దారి 1980లో కనబడింది. ఈ జబ్బున్న స్త్రీల రక్తంలో ఇన్సులిన్ మోతాదు ఎక్కువని అమెరికా పరిశోధకులు ఆ సంవత్సరం చూపించారు. ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లకపోతే శరీరం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ మిగులు అండాశయాన్ని పురిగొల్పి పురుష హార్మోనును ఎక్కువగా తీయిస్తుంది. అండం పక్వానికి రాక మధ్యలోనే ఆగిపోతుంది. అల్ట్రాసౌండులో బుడగలుగా కనబడేవి అలా సగం పండి ఆగిన అండపుటకాలే. అంటే బుడగలు ఫలితమే గాని మూలం కావు.

నా సంగతి రెండు మాటలు. 1983లో, ఇదే సికిందరాబాదులో, మూడు నెలలకొకసారి నెల వస్తున్నదని అమ్మ నన్నొక వైద్యురాలికి చూపించింది. "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అన్నారామె. జబ్బు పేరు తెలియడానికి నాకు మరి పన్నెండేళ్ళు పట్టింది. అంతవరకు గడ్డం కింది వెంట్రుకలకు నలుగుపిండీ పసుపే మందు. యాభై రెండో ఏట ముట్లుడిగినప్పుడు పీడ వదిలిందనుకొన్నాను. మరి రెండేళ్ళకు రక్తపోటు మాత్ర, ఆపైన షుగరు మాత్ర వచ్చాయి. గడ్డం వెంట్రుకలు ఎక్కడికీ పోలేదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2011లో ప్రకటించిన ఫలితాలు చదివినప్పుడు నాకు ఒక తోడు దొరికినట్లయింది. యౌవనంలో ఈ జబ్బు బయటపడిన స్త్రీలను వారు ఇరవయ్యొక్క ఏళ్ళ తరువాత మళ్ళీ పిలిచి చూశారు. అప్పటికి 61 నుండి 79 ఏళ్ళ వయసున్న 35 మందిని, అదే ఈడు గల మరి 120 మందితో పోల్చారు. రక్తపోటు, ట్రైగ్లిజరైడ్ కొవ్వు వీరిలో ఎక్కువ. అవాంఛిత రోమాలూ పోలేదు. అయితే గుండెపోటు, పక్షవాతం, మరణాలు తక్కినవారిలో ఎంతో వీరిలోనూ ఇంచుమించు అంతే. అంతకు ముందు వీరికి గుండెపోటు ముప్పు ఏడు రెట్లని లెక్క కట్టి భయపెట్టినదీ ఆ ఊరివారే! చూచినది చిన్న గుంపునే గనుక ఇదే తుదితీర్పు కాదు.

మన తెలుగునాట మరొక చిక్కున్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం, దేశం మొత్తానికి 3.2 శాతమే. వీరిలో పీసీఓఎస్ ఉన్నవారెందరో ఆ లెక్క చెప్పదు. గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది గాని ఇన్సులిన్ గొడవ ఆగదు. పైగా నెల తప్పడమనే ఆనవాలు కూడా మాయమవుతుంది. మా వీధిలో ఒకావిడ "నాకింక సంచే లేదు గదమ్మా, బుడగలెక్కడివి?" అన్నారు. ఆమెకు షుగరు పరీక్ష చేయించుకొమ్మని చెప్పడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇది జీవితకాలపు జబ్బేనని స్పష్టంగా వ్రాశాయి. ముట్లుడిగాక హఠాత్తుగా రోమాలు పెరిగితే పరీక్ష చేయాలని కూడా చెప్పాయి. గడ్డలేమైనా ఉన్నాయేమో చూడాలి గనుక. ఆ దశలో మళ్ళీ రక్తం కనబడితే వైద్యులకు చూపించి తీరాలి.

ఇక పేరు సంగతి. బుడగల మీదికి దృష్టి మళ్ళిస్తున్న ఈ పేరును మార్చాలని 2012లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ సమావేశపరచిన నిపుణుల బృందం సలహా ఇచ్చింది. తెలుగులో "నీటిబుడగలు" పోయి ఏ మాట రావాలన్నది మనం ఆలోచించవలసిన పని. అండాశయం ఊసు లేకుండా, పడుచువారికీ పెద్దవారికీ సరిపోయేటట్లు ఉండాలి. రెండు మూడు సమాసాలు కట్టి చూచాను, నోరు తిరగడం లేదు. మీకేమైనా తోస్తే వ్యాఖ్యలో వ్రాయగలరు.